చెప్పి ఇచ్చే మాత్ర

తాగుడు, మత్తు మానడానికి మందులున్నాయి. సరిగ్గా వాడితే పనిచేస్తాయి కూడా. కష్టమల్లా రోజూ వేసుకోవడంలోనే ఉంది. డీ-అడిక్షన్ సెంటర్ గేటు దాటి ఇంటికొచ్చాక మొదలయ్యే ఆ రెండో చికిత్స గురించే ఈ వారం ముఖచిత్ర కథనం.

రాత్రి ఎనిమిదవుతోంది. పొయ్యి మీద పప్పు కుతకుతలాడుతోంది. ఆమె ఒకసారి వాకిలి వైపు చూసి, కొంగు ముడి విప్పి తెల్ల మాత్ర తీసింది. చిన్న గిన్నెలో వేసి గ్లాసు అడుగుతో నూరింది. ఆ పొడిని ఆయనకు వడ్డించే పప్పులో కలిపి, పైన నెయ్యి వేసి, పిల్లల కంచాలు దూరంగా జరిపింది. మందుల షాపతను చెప్పిన మాట ఆమెకు బాగా గుర్తుంది. ‘ఇది తిన్నాక తాగితే కడుపులో ఇమడదమ్మా. వారంలో తనే మానేస్తాడు.’

ఆయన తాపీ మేస్త్రి. మర్నాడు సాయంత్రం పని దిగి, ఎప్పట్లాగే బెల్టు షాపు దగ్గర ఆగాడు. క్వార్టర్ సీసా సగం కూడా కాలేదు. మొహం కందిపోయింది. చెవుల్లోంచి ఆవిర్లు. గుండె దడదడ, ఆపైన ఆగని వాంతులు. పక్కన కూర్చున్నవాళ్లు కల్తీ సరుకనుకున్నారు. ఆటోలో ఏరియా ఆసుపత్రికి తెచ్చేసరికి బీపీ బాగా పడిపోయింది.

‘‘ఏమైనా మాత్రలు వాడుతున్నాడా అమ్మా?’’ సెలైన్ ఎక్కిస్తూ అడిగారు డ్యూటీ డాక్టరు.

‘‘లేదండి.’’

‘‘షుగరుకో, బీపీకో?’’

‘‘ఏమీ లేదండి.’’

నర్సమ్మ ఆమెను చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లింది. ‘‘చూడు తల్లీ, మనిషి ప్రాణం మీదికొచ్చింది. ఏం పెట్టావో చెప్పు. నిన్నెవరూ ఏమీ అనరు.’’

‘‘మానతాడని పప్పులో కలిపానమ్మా.’’

ఆయన బతికాడు. మూడో రోజుకు ఇంటికొచ్చాడు. ఆనాటి నుంచి ఆమె వడ్డించిన అన్నం ముట్టలేదు. హోటల్లో పార్సిల్ కట్టించుకుని వీధి అరుగు మీద కూర్చుని తింటాడు. తాగుడు మాత్రం మానలేదు.

పేర్లు, ఊరు ఇక్కడ అక్కర్లేదు. తప్పంతా ఆమెదేనని తేల్చేసి పక్కకు తప్పుకోవడం కూడా న్యాయం కాదు. ఆమె చేతికి మాత్ర ఇచ్చినవాళ్లు దాన్ని ఎలా ఇవ్వాలో చెప్పలేదు. ఆ మాత్ర పేరు డైసల్ఫిరామ్. దశాబ్దాలుగా వాడుకలో ఉన్న చవకైన, మంచి మందు. అదే మాత్రను ఆయనకు తెలిసేలా, ఆయన ఒప్పుకుని వేసుకునేలా ఇచ్చి ఉంటే ఆ మేస్త్రి ఆ సాయంత్రం బెల్టు షాపు దాటుకుని ఇంటికొచ్చే అవకాశం చాలా ఎక్కువ.

పట్టుకోవడం దాకానే మాట్లాడుకుంటున్నాం

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కొంతకాలంగా మత్తు గురించి గట్టిగానే చర్చ నడుస్తోంది. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇరువైపులా ‘ఈగల్’ పేరుతో మాదకద్రవ్యాల నిరోధక బృందాలు పనిచేస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్ కాలేజీ గోడల మీద ‘డ్రగ్స్ వద్దు బ్రో’ అన్న నినాదం కనిపిస్తోంది. గంజాయి మూటలు, దొరికిన కుర్రాళ్లు, వరసగా నిలబెట్టి తీసిన ఫొటోలు రోజూ పేపర్లలో చూస్తున్నాం. పట్టుబడినవాడినో, కుదేలైనవాడినో సెంటర్లో చేర్చారన్న వాక్యంతో వార్త అయిపోతుంది. ఆ మనిషి నెల తర్వాత చేతిలో మాత్రల కవరుతో బస్సు దిగి ఇంటికి నడిచి వెళ్తాడు. అక్కడి నుంచి అతని గురించి రాసేవాళ్లు లేరు, అడిగేవాళ్లూ లేరు.

అడగాల్సినంత పెద్ద సంఖ్యే మనది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ నిపుణులు జరిపిన జాతీయ సర్వే 2019లో బయటికొచ్చింది. దాని ప్రకారం దేశంలో దాదాపు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. వారిలో 5.7 కోట్ల మందికి పైగా తాగుడు వల్ల దెబ్బతిని సాయం అవసరమైనవాళ్లు. మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. ఆసుపత్రిలో చేరి వైద్యం పొందింది 180 మందిలో ఒక్కరు. ఇంత ఇరుకు దారిలోంచి లోపలికి వచ్చిన ఆ ఒక్క మనిషినైనా మాత్రలు మానేసి వెనక్కి జారిపోకుండా పట్టుకోలేకపోతే ఎలా?

మన దగ్గర తాగుడు మీద పోరాటమంటే సీసాను దూరం చేయడమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. మరుసటి ఏడాదికే సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు. ఆ ఆడవాళ్లు సాధించింది చిన్న విషయం కాదు. కానీ సీసా తీసేసిన చోట వణుకుతున్న చేతికి ఏం ఇవ్వాలన్న ప్రశ్నను అప్పుడూ ప్రభుత్వాలు పట్టించుకోలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి కల్లు కాంపౌండ్లు, వైన్ షాపులు ఒక్కసారిగా మూతపడితే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ముందు జనం బారులు తీరారు. వణుకు, ఫిట్లు, భ్రాంతులు, గోడకు తల బాదుకోవడం. ఆ వారాల్లో అవసరం ఎంతుందో అందరికీ కళ్లముందు కనిపించింది. షాపులు తెరవగానే మళ్లీ మరుగున పడింది.

భయం తెలిస్తేనే పనిచేసే మాత్ర

డైసల్ఫిరామ్ పనిచేసే తీరు కొంచెం విచిత్రంగా ఉంటుంది. మద్యం కాలేయంలో మొదట ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారుతుంది. మామూలుగా శరీరం దాన్ని వెంటనే విరిచేస్తుంది. ఈ మాత్ర ఆ పని జరగనివ్వదు. విషం పేరుకుపోయి మొహం ఎర్రబడుతుంది, గుండె పరుగెడుతుంది, వాంతులవుతాయి, బీపీ పడిపోతుంది. తాగకపోతే ఇవేవీ ఉండవు. అంటే మాత్ర వేసుకున్న మనిషికి ‘ఈరోజు తాగితే చస్తాను’ అన్న ఎరుక ఉండాలి. అదే అతన్ని ఆపుతుంది. తాగాలా వద్దా అని రోజుకు యాభైసార్లు తనతో తాను కొట్లాడాల్సిన మనిషి పొద్దున్నే ఒక్కసారి మాత్ర మింగి ఆ కొట్లాట ముగించుకుంటాడు.

పరిశోధనలూ ఇదే చెబుతున్నాయి. ఎవరికి అసలు మాత్ర ఇచ్చారో, ఎవరికి ఉత్తి మాత్ర ఇచ్చారో తెలియకుండా జరిపిన పరీక్షల్లో డైసల్ఫిరామ్‌కు పెద్దగా తేడా కనిపించలేదు. తెలిసి వేసుకున్న పరీక్షల్లో మాత్రం స్పష్టంగా మేలు కనిపించింది. పప్పులో కలిపితే ఆ ఎరుకే ఉండదు. మిగిలేది విషం, ప్రమాదం, తెలిశాక విరిగిన నమ్మకం. చాటుగా మందు పెట్టడం నైతికంగా తప్పని డాక్టర్లు చెబుతుంటారు. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది, అలా పెడితే ఆ మందు అసలు మందుగానే పనిచేయదన్న సంగతి.

తెలిసి ఇచ్చినా రోజూ వేసుకోకపోతే ఫలితం లేదు. 1986లో అమెరికాలో 605 మంది మగవాళ్లపై జరిపిన పెద్ద పరీక్షలో మాత్రలు క్రమం తప్పకుండా వేసుకున్నవాళ్లు ఐదుగురిలో ఒక్కరే. మొత్తంగా చూస్తే మందు ఓడిపోయినట్లే. కానీ సక్రమంగా వేసుకున్నవాళ్లలో తాగకుండా నిలబడ్డవాళ్లు ఎక్కువ. దానికి పక్కన 2004లో ముంబయి నుంచి వచ్చిన అధ్యయనాన్ని పెట్టి చూడండి. వంద మంది మగవాళ్లలో సగం మందికి డైసల్ఫిరామ్, సగం మందికి తాగాలన్న యావను తగ్గించే నాల్‌ట్రెక్సోన్ అనే మరో మాత్ర ఇచ్చారు. అందరికీ ఇంట్లో అండ ఉంది. రోజూ మాత్ర దగ్గరుండి ఇచ్చే కుటుంబసభ్యుడు ఉన్నాడు. ఏడాది తిరిగేసరికి డైసల్ఫిరామ్ వాడినవాళ్లలో 86 శాతం మంది తాగకుండా ఉన్నారు. రెండో జట్టులో 44 శాతం. అందరికీ ఇంత గొప్ప ఫలితం వస్తుందని దీన్నిబట్టి అనుకోకూడదు. ఇంటి అండ ఉన్నవాళ్లనే ఎంచుకున్నారన్నది మరవకూడదు. మన ఇళ్లలో తల్లో, భార్యో, అన్నో రోజూ ఎదురుగా ఉండి మాత్ర ఇవ్వగలరన్నది మాత్రం ఆ అధ్యయనం రుజువు చేసింది.

[ పురుగుల మందుగా మొదలై… ]
రబ్బరు పరిశ్రమలో వాడే ఇదే జాతి రసాయనాల మధ్య పనిచేసేవాళ్లు మద్యం ముట్టుకోలేకపోతున్నారని 1937లోనే అమెరికాలో ఒక పరిశ్రమ డాక్టరు గమనించి రాశారు. తర్వాత డెన్మార్క్‌లో యెన్స్ హాల్డ్, ఎరిక్ యాకబ్సన్ అనే ఇద్దరు పరిశోధకులు డైసల్ఫిరామ్‌ను కడుపులో పురుగుల మందుగా పరీక్షిస్తూ తామే మింగి చూశారు. మద్యం తాగినప్పుడల్లా ఒళ్లు కందిపోయి, కడుపులో తిప్పుతుంటే కారణం మాత్రేనని గ్రహించారు. 1948లో దీన్ని తాగుడుకు చికిత్సగా ప్రకటించారు. చివరి మాత్ర వేసుకున్న రెండు వారాల వరకు కూడా దీని ప్రభావం ఉండవచ్చు. మద్యసారం ఉన్న దగ్గు టానిక్కుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. గుండె జబ్బు, తీవ్రమైన కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు. అందుకే డాక్టరు చూడకుండా షాపులో కొని పెట్టకూడదు.

మూడో నెల గండం

మాత్రలు ఎందుకు ఆగిపోతాయి? ‘బుద్ధి లేక’ అని ఇంట్లోవాళ్లు టక్కున అనేస్తారు. ఓపీ వరండాలో కాసేపు కూర్చుంటే అసలు కారణాలు ఒక్కొక్కటిగా బయటికొస్తాయి.

మొదటిది, బాగైపోవడం. రెండు నెలలు తాగకపోయేసరికి మొహం తేటపడుతుంది, ఆకలి పుడుతుంది, చేతులు వణకడం ఆగుతుంది. ‘ఇంకా మాత్రలెందుకు, నేనేమన్నా రోగినా?’ అన్న మాట సరిగ్గా అప్పుడే వస్తుంది. ఇంట్లోవాళ్లకూ అదే నమ్మాలని ఉంటుంది. తాగాలన్న కోరిక మాత్రం శరీరం తేరుకున్నంత త్వరగా మెదడులోంచి పోదు. పాత స్నేహితుడు ఎదురైనా, కూలి డబ్బు చేతిలో పడినా లేచి కూర్చుంటుంది.

రెండోది, చెప్పుకోలేని ఇబ్బందులు. డైసల్ఫిరామ్‌తో కొందరికి నోట్లో వెల్లుల్లి కంపు, బడలిక. నాల్‌ట్రెక్సోన్‌తో మొదట్లో వికారం. మద్యం మానాక వాడే అకాంప్రోసేట్ అయితే సాధారణంగా పూటకు రెండు చొప్పున రోజుకు ఆరు మాత్రలు. పనిలో ఉన్న మనిషి మధ్యాహ్నం మాత్ర మరచిపోతాడు. వీటికంటే లోతైనది ఇంకొకటుంది. మాత్రల వల్ల దాంపత్యంలో పస తగ్గిందేమోనన్న అనుమానం. ఆ మాట భార్యతో అనలేక, డాక్టరుతో అనలేక మగవాడు గప్‌చిప్‌గా మాత్ర నాలుక కింద దాచి పెరట్లో ఉమ్మేస్తాడు. నిజానికి ఏళ్ల తరబడి తాగుడే ఆ సమస్య తెచ్చి ఉండవచ్చు. మందు మార్చితేనో, మోతాదు సర్దితేనో సరిపోవచ్చు. అడిగేవాళ్లు ఉంటే కదా!

మూడోది, దారి. జిల్లా కేంద్రంలో ఉన్న ఆసుపత్రికి నెలకోసారి వెళ్లాలంటే ఒక రోజు కూలి పోతుంది, ఇద్దరికి బస్సు చార్జీలవుతాయి. తీరా వెళ్తే రాసిన మాత్రల్లో ఒకటి స్టాకు లేదంటారు, బయట కొనుక్కోమంటారు. పదిహేను రోజులకే ఇచ్చి మళ్లీ రమ్మంటారు. దానికి తోడు ఊళ్లో మాటలు. ‘ఎర్రగడ్డ’ అన్న పేరునే మనం తిట్టుగా వాడుకుంటున్నాం. ఆ చీటీ జేబులో పెట్టుకుని తిరగాలంటే ఎంత సిగ్గో ఆలోచించండి.

నాలుగోది, చాలామంది తలుచుకోనిది, జ్ఞాపకం. దీర్ఘకాలం తాగినవాళ్లలో బి1 విటమిన్ లోపం, మెదడుకు తగిలిన దెబ్బ కలిసి మతిమరుపు తెస్తాయి. ‘వేసుకున్నానే’ అని ఒట్టు పెట్టి చెబుతున్న మనిషి అబద్ధమాడకపోవచ్చు. అతనికి నిజంగానే గుర్తులేదు.

ఇక్కడో సంగతి గుర్తుచేసుకోవాలి. దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లలో సంపన్న దేశాల్లో కూడా దాదాపు సగం మందే మందులు సరిగా వాడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో చెప్పింది. వ్యసనాలకు చికిత్స పొందినవాళ్లలో 40 నుంచి 60 శాతం మంది మళ్లీ జారతారని, బీపీ రోగుల్లో మందులు తప్పి జబ్బు తిరగబెట్టేవాళ్లు 50 నుంచి 70 శాతమని 2000లో అమెరికా వైద్య పరిశోధకులు లెక్కగట్టారు. బీపీ మాత్ర మానేసిన బాబాయిని ఎవరూ చెడ్డవాడనరు.

[ ఏ మాత్ర ఏం చేస్తుంది ]
నాల్‌ట్రెక్సోన్ తాగినప్పుడు వచ్చే హుషారును తగ్గిస్తుంది, తాగాలన్న యావను మెత్తబరుస్తుంది. మత్తుజాతి నొప్పి మాత్రలు దీనితో పనిచేయవు, ఆపరేషన్‌కు ముందు తప్పక చెప్పాలి. అకాంప్రోసేట్ మద్యం మానాక మెదడులో రేగే అలజడిని సర్దుతుంది. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకు ఇవ్వరు. ఈ రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. బాక్లోఫెన్‌ను కాలేయం పాడైనవాళ్లకు కొందరు డాక్టర్లు వాడతారు, దీన్ని ఒక్కసారిగా ఆపకూడదు. బూప్రెనార్ఫిన్, మెథడోన్ అనేవి హెరాయిన్, మత్తు ఇంజెక్షన్లు, నొప్పి మాత్రలకు బానిసైనవాళ్ల కోసం. ఇవి రెండూ 2005 నుంచే ఆ జాబితాలో ఉన్నాయి.

మాల వేసిన మనిషిని చూశాం కదా

కార్తీకంలో మన ఊళ్లలో ఏం జరుగుతుందో చూడండి. ఏడాదంతా తూలుతూ తిరిగే మనిషి అయ్యప్ప మాల వేసుకుంటే నలభై ఒక్క రోజులు చుక్క ముట్టడు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, రెండు పూటలా పూజ, నేల మీద పడక. ‘వాడికి మనోబలం లేదు’ అన్నవాళ్లే ఆశ్చర్యపోతారు.

దేవుడి మీద భక్తి అతన్ని నిలబెడుతుంది, కాదనను. దాంతోపాటు చుట్టూ ఎంత ఏర్పాటు ఉందో కూడా గమనించాలి. రోజూ ఒకే సమయానికి చేయాల్సిన పని ఉంది. గురుస్వామి ఉన్నాడు. తనలాంటి మరో పదిమంది ఉన్నారు. ఒంటి మీద నల్లబట్టలు చూసి ఎవరూ ‘ఒక్క పెగ్గురా’ అనరు. నిన్నటి దాకా ‘ఒరేయ్’ అన్నవాళ్లు ‘స్వామీ’ అంటున్నారు. ఇంట్లో భార్య ఆయన కోసం వేరేగా వండుతోంది. మాల తీసిన రోజున ఇవన్నీ ఒక్కసారే పోతాయి. ఆ రాత్రి చాలామంది మళ్లీ తాగేది అందుకే.

మాత్రల చికిత్సకూ అలాంటి ఏర్పాటే కావాలి, ఏడాదో రెండేళ్లో నిలిచేలా. (బాగా తాగే అలవాటున్నవాళ్లు మాల కోసమని ఉన్నపళంగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్లు, మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ముందే డాక్టరును కలవాలి. దీక్షాకాలంలో మందులు వేసుకోవడం దోషం కాదని గురుస్వాములు గట్టిగా చెప్పగలిగితే ఎంతో మేలు.)

పొద్దున్న రెండు నిమిషాలు

రోజూ దగ్గరుండి మాత్ర ఇవ్వడమంటే భార్యను పోలీసును చేయడమేనా? చాలా ఇళ్లలో అలాగే మారుతోంది. నోరు తెరిచి చూపించమనడం, జేబులు వెతకడం, ఊపిరి వాసన చూడడం. పట్టుమని పది రోజులు సాగదు. ఇద్దరూ విసిగిపోతారు.

అమెరికాలో దంపతులకు కలిపి చికిత్స చేసే టిమొతీ ఒఫారెల్ వంటి నిపుణులు దశాబ్దాలుగా ఒక చిన్న పద్ధతి నేర్పిస్తున్నారు. రోజూ ఒకే వేళకు ఇద్దరూ కూర్చోవాలి. ‘నిన్న తాగలేదు, ఈరోజూ తాగకుండా ఉంటాను’ అని ఆయన చెప్పాలి. మాత్ర ఉంటే ఆమె ఎదుట వేసుకోవాలి. ఆమె మెచ్చుకోలుగా ఒక మాట అనాలి. క్యాలెండర్‌లో గుర్తు పెట్టాలి. పాత తాగుడు ముచ్చట్లు, రేపు తాగుతావేమోనన్న దెప్పులు ఆ సమయంలో గానీ తర్వాత గానీ తేకూడదు. అంతే.

మన ఇంట్లో అయితే అది ఇలా ఉంటుంది. పొద్దున కాఫీ గ్లాసుతో పాటు మాత్ర, నీళ్లు. ‘‘ఇదిగో, వేసుకో బావా.’’ ఆయన వేసుకుని, ‘‘నిన్న నాగులు వాళ్ల దినం భోజనాల్లో పొయ్యమన్నారే. మాత్ర మీదున్నా, తాగితే పోతానని చెప్పా. వదిలేశారు’’ అంటాడు. ‘‘మంచి పని చేశావు’’ అని ఆమె గోడ మీద క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ సున్నా చుడుతుంది. వెనకటి పదేళ్ల గోల గొంతు దాకా వచ్చినా మింగేస్తుంది. ఆ మింగడం ఎంత కష్టమో ఆమెకే తెలుసు. అందుకే చికిత్సలో ఆమెకూ ఒక కుర్చీ, ఒక కౌన్సెలర్, వినే చెవి ఉండాలని అడుగుతున్నాను. ఓపీలో ఆమెను చీటీ పట్టుకుని నిలబడే మనిషిగానే చూస్తే కుదరదు.

ఆ దినం భోజనాల దగ్గర జరిగింది గమనించారా? మాత్ర ఆయనకు వద్దనడానికి సాకు కూడా ఇచ్చింది. సంక్రాంతి బరుల దగ్గర, దావత్‌లలో ‘నాకొద్దు’ అంటే ఊరుకోని స్నేహితులు ‘మాత్ర మీదున్నా’నంటే వెనక్కి తగ్గుతారు.

భార్యే ఇవ్వాలని లేదు. ఇంట్లో పడనివాళ్లకు అన్న, పని ఇప్పించే పెద్ద మేస్త్రి, నమ్మకమైన మందుల షాపతను, ఆశా కార్యకర్త, ఎవరైనా కావచ్చు. ఈ ఆలోచన మనకు కొత్తది కూడా కాదు. 1956లో మద్రాసు చెట్‌పట్‌లో మొదలైన క్షయ పరిశోధన కేంద్రం, రోగిని శానిటోరియంలో పెట్టకుండా ఇంట్లోనే మందులిచ్చినా అంతే బాగా నయమవుతుందని 1959లో లోకానికి చూపించింది. కష్టమల్లా రోగులు మాత్రలు మానేయడంతో వచ్చింది. ఎవరో ఒకరు ఎదురుగా ఉండి మింగించే పద్ధతి మద్రాసు, హాంకాంగ్ పరిశోధనల్లోనే రూపుదిద్దుకుంది. తర్వాత మన పల్లెల్లో అంగన్‌వాడీ టీచర్లు క్షయ మాత్రలు ఇచ్చి చూపించారు. క్షయ రోగికి దొరికిన ఆ ఊరి అండ తాగుడు రోగికి ఎందుకు దొరకకూడదు? తాగేవాళ్లలో క్షయ మందులు మధ్యలో మానేసేవాళ్లూ ఎక్కువే. ఒకే చెయ్యి రెండు మాత్రలూ ఇవ్వవచ్చు.

మరి ఆడవాళ్ల మాట? తెలంగాణ పల్లెల్లో కల్లుకు, అందులో కలిపే అల్ప్రాజోలం, డైజిపామ్‌లకు అలవాటుపడ్డ ఆడవాళ్లు ఉన్నారు. పొలం పనికి వెళ్లాలంటే ఒక సీసా, నిద్రపట్టాలంటే ఇంకో సీసా. వీళ్లకు డాక్టర్లు అదే జాతి మాత్రను లెక్కగా ఇచ్చి వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. ఒక్కసారిగా ఆపితే ఫిట్లు వస్తాయి. ఇక్కడ మాత్రలు లెక్క తప్పకుండా ఇచ్చే చెయ్యి ఇంకా ముఖ్యం. మగవాడి వెంట భార్య వస్తుంది. భార్య వెంట మగవాడు ఓపీకి రావడం అరుదు. కూతురో, చెల్లెలో వస్తే అదృష్టం. స్వయం సహాయక సంఘాలు ఇంతగా అల్లుకున్న మన ఊళ్లలో ఆ పని సంఘంలో ఒక నేస్తానికి అప్పగించడం అసాధ్యమేమీ కాదు.

‘మత్తుకు మత్తే మందా?’

మత్తు ఇంజెక్షన్లకు, నొప్పి మాత్రలకు బానిసైన కుర్రాళ్ల తల్లిదండ్రుల నోట ఎక్కువగా వినిపించే ప్రశ్న ఇది. బూప్రెనార్ఫిన్ అదే జాతి మందు కావడంతో ‘ఒకటి మాన్పించి ఇంకోటి అలవాటు చేస్తున్నారు’ అని తిట్టిపోస్తారు. నెల తిరగ్గానే మాన్పించేస్తారు.

ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ ఈ మందు సరైన మోతాదులో వాడుతున్నవాడికి కైపు ఎక్కదు. ఒళ్లు నొప్పులు, వాంతులు, ఆ నరకం ఉండదు. చదువుకోగలడు, బండి తోలగలడు, ఉద్యోగం చేయగలడు. నాలుక కింద పెట్టుకుని పూర్తిగా కరిగేదాకా మాట్లాడకుండా, మింగకుండా కూర్చోవాలి. మధ్యలో మింగేస్తే పనిచేయదు. ఎన్నాళ్లు అంటే, అవసరమైనన్నాళ్లు. ఏళ్లు కూడా పట్టవచ్చు.

తొందరపడి మాన్పిస్తే వచ్చే ప్రమాదం ప్రతి తల్లికీ తెలియాలి. కొన్ని వారాలు దూరంగా ఉన్న శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తి పోగొట్టుకుంటుంది. సెంటర్ నుంచో, జైలు నుంచో బయటికొచ్చిన కుర్రాడు మునుపటిలా ఒక్క ఇంజెక్షన్ చేసుకున్నా ఊపిరి ఆగిపోవచ్చు. అలాంటి మరణాలు ఎక్కువగా జరిగేది విడుదలైన మొదటి వారాల్లోనే.

ఈ మందుల్ని ఎంత కట్టడిలో ఇవ్వాలన్నది మరో తగువు. పంజాబ్‌లో 2017లో ఓపీ కేంద్రాలు పెట్టి సిబ్బంది ఎదుటే బూప్రెనార్ఫిన్ ఇవ్వడం మొదలుపెట్టారు. రోజూ వచ్చి వరసలో నిలబడాలంటే కూలివాడికి పని పోతుంది. లాక్‌డౌన్ వచ్చాక ఇంటికి మందులివ్వక తప్పలేదు. అమెరికాలోనూ 2020 మార్చిలో నిలకడగా ఉన్నవారికి 28 రోజుల మెథడోన్ ఒకేసారి ఇంటికిచ్చే వీలు కల్పించి, 2024లో దాన్ని శాశ్వతం చేశారు. అక్కడ వారానికో, నెలకో ఒకసారి వేసే బూప్రెనార్ఫిన్ ఇంజెక్షన్లు కూడా వచ్చాయి. మొదట్లో దగ్గరుండి ఇవ్వడం, కుదురుకున్నకొద్దీ నమ్మి చేతికివ్వడం, ఈ రెండూ కలిస్తేనే మనిషి నిలుస్తాడని నా అభిప్రాయం.

[ చట్టం ఏమంటోంది ]
మద్యం, మత్తు వాడకంతో వచ్చే మానసిక స్థితులు కూడా 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. రోగిని గొలుసులతో కట్టేయడం నిషేధం. చికిత్సకు సమ్మతి కావాలి. మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం సెక్షన్ 64ఏ ప్రకారం, మత్తుకు బానిసై స్వల్ప పరిమాణంతో పట్టుబడిన వ్యక్తి తనంతట తాను గుర్తింపు పొందిన చోట చికిత్సకు వెళ్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ పొందవచ్చు. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు.
జాతీయ వ్యసన విముక్తి హెల్ప్‌లైన్: 14446. టెలీ-మానస్: 14416 (రోజంతా, తెలుగులో కూడా).

మళ్లీ తాగిన రోజున

ఎంత జాగ్రత్తగా ఉన్నా చాలా ఇళ్లకు ఆ రోజు వస్తుంది. అప్పుడు ఏం చేస్తారన్నదాన్ని బట్టే మిగతా సంవత్సరం నడుస్తుంది. తాగొచ్చాడని తెలియగానే తిట్లు, దెబ్బలు, మాత్రల కవరు కాలవలోకి విసిరేయడం. లేదంటే ఆయనే సిగ్గుతో ఓపీకి మొహం చాటేయడం. ‘తాగేశాను కదా, ఇంక మాత్రలెందుకు’ అని వదిలేయడం. మాత్ర తప్పినా, తాగినా దాచుకోకుండా చెప్పగలిగే చోటు ఇంట్లో ఒకటి, ఆసుపత్రిలో ఒకటి ఉండాలి. ఓపీలో ‘మళ్లీ తాగావా, అయితే ఎందుకొచ్చావ్?’ అని కసిరే డాక్టరు ఆ మనిషిని బెల్టు షాపుకే పంపుతున్నాడు. తారీఖు దాటినా రానివాళ్లకు ‘ఏమయ్యా, రాలేదేం? రేపు రా’ అని ఒక్క ఫోన్ చేసే ఉద్యోగి ప్రతి డీ-అడిక్షన్ కేంద్రంలో ఉండాలి. నెలకు సరిపడా మాత్రలు మండలంలోని ఆరోగ్య కేంద్రంలోనే దొరకాలి. ఇందుకు కొత్త పరిశోధనలేమీ అక్కర్లేదు.

ఇంట్లోవాళ్లు తెలుసుకోవాల్సినవి ఉన్నాయి. నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వాడుతున్న మనిషి ఒకరోజు తాగినంత మాత్రాన వాటిని ఆపేయనవసరం లేదు. కొనసాగిస్తూనే డాక్టరును కలవాలి. డైసల్ఫిరామ్ మీదుండి తాగి గుండెదడ, వాంతులు, తల తిరగడం మొదలైతే వెంటనే క్యాజువాలిటీకి తీసుకెళ్లి ఆ మాత్ర పేరు ముందే చెప్పాలి. మానేసి తాగిన మనిషికి చివరి చుక్క తాగాక కనీసం 12 గంటలు గడవకుండా, డాక్టరు చూడకుండా డైసల్ఫిరామ్ మళ్లీ మొదలుపెట్టకూడదు. బూప్రెనార్ఫిన్ కొన్ని రోజులు తప్పితే పాత మోతాదు సొంతంగా వేసుకోకూడదు. కేంద్రానికి వెళ్లి చెప్పాలి. వరసగా రోజుల తరబడి తాగి ఉంటే ఇంట్లో బంధించి మాన్పించే ప్రయత్నం చేయకండి, ఆసుపత్రిలో చేర్పించండి. కొత్త చోటికి, కొత్త డాక్టరు దగ్గరికి పరుగెత్తనక్కర్లేదు. పాత చీటీయే తీసుకుని అదే ఓపీకి, ఆ వారంలోనే వెళ్లండి. ఏ తేదీ నుంచి మాత్రలు తప్పాయో, ఎన్ని మిగిలాయో, మళ్లీ ఎప్పుడు తాగారో ఆ చీటీ వెనక రాసుకుని వెళ్తే డాక్టరు అక్కడి నుంచే మొదలుపెడతారు.